మనము దాటిపోవు పేర్లు

ధ్యాన భాగములు: మత్తయి 1:1–17; ఎజ్రా 2:59–63



కొన్ని సంవత్సరముల క్రిందట నేను వేరొక గ్రామములో పరిచర్య చేయుచున్న దినములలో, క్రిస్మసుకు ముందటి ఆదివారమున మత్తయి సువార్త మొదటి అధ్యాయము చదువుటకు నిలువబడితిని. పదునెనిమిదవ వచనమునుండి మొదలుపెట్టితిని. పైనున్న పదునేడు వచనములను విడిచితిని. అది నాకు క్రొత్త కాదు, ఏటేట అట్లే చేయుచుంటిని. సెమినరీలో వంశావళులను పరీక్ష కొరకు చదివితిమి గాని వాటిమీద ప్రసంగము చేయవచ్చునని నాకెన్నడును తోచలేదు. మీ ఇండ్లలో కుటుంబ ప్రార్థన వేళ మీరును ఆ పేర్ల యొద్దకు రాగానే పుట తిప్పుదురని నేనెరుగుదును.

ఆరాధన ముగిసి జనులు వెళ్లుచుండగా ఒక వృద్ధుడు చేతికర్ర ఊతగా గుమ్మము దగ్గర నిలిచియుండెను. ఆయనకు చదువు రాదు గాని ఒకసారి విన్న వాక్యమును మరచువాడు కాడు.

"అయ్యగారూ, మొదట్నించీ సదవలేదేం?" అని అడిగెను.

"అవన్నీ పేర్లే గదా తాతా, జనం విసుక్కుంటారని" అంటిని.

"పేర్లే గదా అంటారేంది? మా అయ్య బతికినన్నాళ్లూ కరణంగారి దస్తరంలో తన పేరెక్కాలని సూసి సూసి పోయాడు. భూమున్నోడి పేరు రాస్తారు, లేనోడి పేరెవుడిక్కావాలి? దేవుడు ఇన్ని పేర్లు ఓపిగ్గా రాయించాడు. సదవడానికి మీకు ఓపిక లేకపోయె."

కరణము పదవులు మన రాష్ట్రములో 1984లో రద్దయినవి గనుక మీలో చిన్నవారికి ఆ దస్తరము సంగతి తెలియకపోవచ్చును. గ్రామములోని భూముల లెక్కలన్నియు ఆయన యొద్ద నుండెడివి. సెంటు భూమియైన లేనివానికి అందులో చోటు లేదు. ఆ తాత నన్ను గద్దించుటకు వచ్చినవాడు కాడు. తనకు చేరవలసినదేదో నేను చేతిలో పెట్టుకొని ఇయ్యకపోతినని అడుగవచ్చెను. ఆ రాత్రి దీపము దగ్గర కూర్చుండి, నేను విడిచిన పదునేడు వచనములను మెల్లగా చదివితిని. నాటినుండి నేర్చుకొనుచున్నదానిలో కొంత మీకు చెప్పుచున్నాను.

మన పెద్దలు పిల్లలకు కథ చెప్పునప్పుడు అనగనగా ఒక రాజు అని మొదలుపెట్టుదురు. ఏ రాజు, ఏ ఊరు, ఎవని కుమారుడు అని పిల్లలడుగరు. మత్తయి అట్లు మొదలుపెట్టలేదు. యేసు ఎవని కుమారుడు, ఆయన పితరులెవరు, ఏ రాజుల దినములు గడిచినవి, ఎప్పుడు బబులోను చెర వచ్చినది, ఇవన్నియు ముందు చెప్పి ఆ తరువాతనే బేత్లెహేమునకు వచ్చెను. దేవుడు అబ్రాహామునకు వాగ్దానము చేసెను, నీ సంతానమువలన భూమిమీది జనములకు ఆశీర్వాదము కలుగుననెను (ఆది 22:18). దావీదునకును ఒక వాగ్దానము చేసెను (2 సమూ 7). మాట యిచ్చినవాడు దానిని ఎవరి యింట నెరవేర్చెనో చూపవలెను గదా. సువార్తలోని మొదటి పదునేడు వచనములు ఆ లెక్క చూపించుచున్నవి.

పేరు చెప్పినవాడు విచారణకు లోబడినవాడు. పండ్రెండవ వచనములో యెకొన్యా యను పేరున్నది. ఇతడు యూదా రాజైన యెహోయాకీను. నెబుకద్నెజరు ఇతనిని బబులోనునకు చెరపట్టి కొనిపోయెను. తరువాత ఒక బబులోను రాజు ఇతనిని బందీగృహమునుండి తెప్పించి దినదినము భోజనమునకు బత్తెము ఏర్పాటు చేసెనని రాజుల గ్రంథము చివర నున్నది (2 రాజులు 25:27–30). బబులోను శిథిలములలో త్రవ్వగా దొరికిన మట్టి పలకలను జర్మను పండితుడైన వైడ్నరు 1939లో ప్రచురించెను. అవి రాజనగరులో ఎవరికెంత నూనె కొలిచిరో వ్రాసిన పద్దులు. వాటిలో యూదా దేశపు రాజైన యెహోయాకీను పేరును, అతని అయిదుగురు కుమారుల లెక్కయు నున్నవి. ఆ పలకలలో నొకటి క్రీస్తు పూర్వము 592వ సంవత్సరమునకు చెందినది. ఆ నూనె కొలిచిన గుమాస్తాకు మన బైబిలు తెలియదు, మత్తయికి ఆ పలక తెలియదు. మనము విసుగుతో దాటిన పేరు బబులోను మట్టిలో రెండువేల అయిదువందల ఏండ్లు పడియుండెను.

అయితే ఆ తాత నన్నడిగినది ఇది కాదు. ఆయనకు పలకలతో పని లేదు. ఇట్టి పట్టికలో ఎవరి పేర్లు వ్రాయుదురు, ఎవరి పేర్లు విడిచిపెట్టుదురు అన్నదే ఆయన ప్రశ్న.

ప్రియులారా, లోకములో వంశావళి ఎందుకు చెప్పుకొందురో మీకు తెలియును. భట్రాజులు దొరల యెదుట నిలిచి వంశకీర్తి చదివెడివారు. ఆ కీర్తిలో తాత చేసిన యుద్ధములుండును గాని తాత చేసిన దొంగతనముండదు. మన గ్రామములలో నీ గోత్రమేమని యొకడు అడుగునప్పుడు, అడుగువాని మనస్సులో ఏమున్నదో మనలో అనేకులు చిన్ననాటనే గ్రహించిరి. గోత్రము లేని మనము తలవంచుకొని నిలిచితిమి. మన తెలుగు బైబిలులో ఇశ్రాయేలీయుల పండ్రెండు శాఖలకు గోత్రములను మాటనే వాడిరి గనుక, దేవుడు సహితము గోత్రము చూచునేమో యని కొందరు అమాయకముగా అనుకొందురు. అట్టివారు మత్తయి మొదటి అధ్యాయమును తప్పక చదువవలెను.

మూడవ వచనములోనే తామారు కనబడుచున్నది. ఆదికాండము 38వ అధ్యాయము పిల్లల యెదుట చదువుటకు మనము జంకుదుము. యూదా తన కోడలికి న్యాయము చేయక ఆమెను పుట్టింట కూర్చుండబెట్టెను. ఆమె ముసుకు వేసికొని దారి ప్రక్కన కూర్చుండగా, కోడలని యెరుగక ఆమెయొద్దకు పోయెను. ఆమె గర్భవతి యని వినగానే కాల్చివేయుడని తీర్పు చెప్పినవాడును అతడే. తన ముద్రయు, దారమును, కర్రయు తన యెదుట పెట్టినప్పుడు, ఆమె తనకంటె నీతిమంతురాలని ఒప్పుకొనెను. మనమైతే ఈ సంగతిని ఇంటి గోడలు దాటనిచ్చెదమా? పెరెసు, జెరహు అనువారి తల్లి పేరు లేకుండ వ్రాసినను ఎవరును అడుగరు, వంశావళులలో తల్లుల పేర్లు వ్రాయుట వాడుక కాదు. మత్తయి పనిగట్టుకొని వ్రాసెను.

తరువాత రాహాబు. ఆమె యెరికో పట్టణపు వేశ్య. ఆ తరువాత రూతు. ఆమె మోయాబీయురాలు. మోయాబీయులు పది తరములవరకు సమాజములో చేరరాదని ధర్మశాస్త్రము చెప్పుచుండగా (ద్వితీ 23:3), ఆమె మనుమని కుమారుడు సింహాసనమెక్కెను. శారా పేరు ఇందులో లేదు, రిబ్కా పేరు లేదు, రాహేలు పేరు లేదు. పూజ్యురాండ్రైన ఆ తల్లులను విడిచి సువార్తికుడు వీరిని ఎన్నుకొనెను.

నాలుగవ స్త్రీ యొద్ద నేను చాలసేపు నిలిచిపోతిని. బత్షెబ యను పేరు మత్తయి వ్రాయలేదు, ఊరియా భార్య యని వ్రాసెను. దావీదు ఆమెను పెండ్లాడెను గదా, సొలొమోను పుట్టునాటికి ఆమె దావీదు భార్యయే గదా. అయినను వందల ఏండ్ల తరువాత ఆమెను చంపబడిన భర్త పేరుతోనే చెప్పుట యెందుకు? ఊరియా హిత్తీయుడు, పరదేశి. దావీదు పరాక్రమశాలుల పట్టిక 2 సమూయేలు 23వ అధ్యాయములో నున్నది, మొత్తము ముప్పదియేడుగురు. ఆ పట్టికలో చిట్టచివరి పేరు హిత్తీయుడైన ఊరియా. రాజు అతనిని యుద్ధము మోపుగా నున్నచోట నిలిపి చంపించెను, భార్యను తీసికొనెను. రాజు చేసినది గనుక ఊరంతయు నోరు మూసికొనియుండును. దేవుడు మాత్రము ఆ పేరును కొట్టివేయనియ్యలేదు. తన కుమారుని జన్మను ప్రకటించు పుటలో, దావీదు పేరు ప్రక్కనే, అన్యాయముగా చచ్చిన సైనికుని పేరు నిలిపెను. క్షమింపబడిన పాపి యొక్క పేరు ఆ పుటలో నున్నది, అతనివలన నశించినవాని పేరును ఉన్నది. బలవంతులచేత నలిగినవారికి ఇంతకంటె ఏమి చెప్పగలను?

రాజుల వరుస త్వరగా చూతము. ఆహాజు దుష్టుడు, వాని కడుపున భక్తుడైన హిజ్కియా పుట్టెను. హిజ్కియా కుమారుడు మనష్షే 55 సంవత్సరములు ఏలి యెరూషలేమును నిరపరాధుల రక్తముతో నింపెను. మనష్షే మనుమడు యోషీయా దేవుని మందిరమును బాగుచేయించెను. ఈ నాలుగు పేర్లు మన సంఘములకు చాలును. మా ముత్తాత ఈ ఊరిలో మొదట బాప్తిస్మము పొందినవాడని చెప్పుకొనుచు ఆరాధనకు రానివారున్నారు. మా నాన్న త్రాగుబోతు, మా బ్రదుకు ఇంతేనని తల వ్రేలవేసిన యౌవనస్థులును ఉన్నారు. ఇద్దరును ఈ వరుసను చదువుదురు గాక.

ఇక్కడ నొక సంగతి చెప్పవలెను. ఎనిమిదవ వచనములో యెహోరాము తరువాత ఉజ్జియా పేరున్నది గాని, నడుమ అహజ్యా, యోవాషు, అమజ్యా అను ముగ్గురు రాజులున్నట్లు దినవృత్తాంతములలో స్పష్టముగా నున్నది (1 దిన 3:11–12). మత్తయి ఎరుగక విడువలేదు. పదునాలుగేసి తరముల మూడు వరుసలుగా అమర్చుట అతని ఉద్దేశము. హెబ్రీ అక్షరములకు అంకెల విలువ యున్నది గనుక దావీదు అను పేరులోని మూడు అక్షరములు, నాలుగును ఆరును నాలుగును కూడగా పదునాలుగగునని పండితులు చూపుదురు. కనెను అను మాట తండ్రికే గాక పితరునికిని చెల్లును. కాబట్టి వంశావళులలోని ఏండ్లను కూడి లోకము పుట్టిన తేదీ చెప్పబూనుట మంచిది కాదని నా అభిప్రాయము. ఐర్లాండులో ఆర్చిబిషప్పైన అషరు 1650లో అట్లు లెక్కించి క్రీస్తు పూర్వము 4004 అని ప్రకటించెను. గొప్ప విద్వాంసుడే, అయినను ఈ పట్టికలు ఆ పనికొరకు ఇయ్యబడలేదు. వంశావళులనుగూర్చి వాదములు పెట్టుకొనవద్దని పౌలు తిమోతికిని తీతుకును వ్రాసినది ఇట్టి కుతూహలమును బట్టియు, వంశమును చూచి గర్వించువారిని బట్టియు అని తలంచుచున్నాను. తాను బెన్యామీను గోత్రికుడనని చెప్పి, దానిని నష్టముగా ఎంచుకొన్నవాడు ఆయనయే గదా (ఫిలి 3:5–7).

యెకొన్యా సంగతికి మరల వత్తును. యిర్మీయా అతనినిగూర్చి కఠినమైన మాట పలికెను. అతడు దేవుని కుడిచేతి ముద్రయుంగరమైనను దేవుడు ఊడబెరుకునని, అతని సంతానములో ఎవడును దావీదు సింహాసనమున కూర్చుండడని చెప్పెను (యిర్మీయా 22:24–30). వంశము అక్కడ తెగిపోవలెను. అయితే చెరనుండి తిరిగివచ్చిన అతని మనుమడు జెరుబ్బాబెలును తన ముద్రయుంగరముగా చేతునని దేవుడు హగ్గయిచేత చెప్పించెను (హగ్గయి 2:23). ఊడబెరికిన ఉంగరమే మరల చేతికి వచ్చెను. ఇంకను చూడుడి. పదునారవ వచనము వరకు కనెను, కనెను అని వచ్చిన వరుస యోసేపు యొద్ద ఆగిపోవుచున్నది. యోసేపు కనెనని మత్తయి చెప్పడు, మరియ భర్త యని చెప్పి, ఆమెయందు యేసు పుట్టెననును. యోసేపునుబట్టి దావీదు హక్కు యేసునకు వచ్చెను గాని, ఆయన పుట్టుక ఏ నరునివలనను కలిగినది కాదు. ఊరివారు ఆ తల్లినిగూర్చి ఏమనుకొనిరో మనము ఊహింపగలము. యోసేపు సహితము మొదట ఆమెను రహస్యముగా విడనాడ దలంచెను.

ఇక్కడ నా తప్పిదము నొకటి చెప్పక తీరదు. ఆ తాత నన్నడిగిన సంవత్సరమే, కోతల కాలమందు, ఒక స్త్రీ చంటిబిడ్డను ఎత్తుకొని బాప్తిస్మము కొరకు నా యొద్దకు వచ్చెను. ఆమెకు పెండ్లి కాలేదు. ఆ మనుష్యుడు నాకేమియు సంబంధము లేదని చెప్పి వేరొక చోటికి పోయెను. నేను రిజిష్టరు తెరచి, బిడ్డ పేరు అను గడి దాటి తండ్రి పేరు అను గడి యొద్దకు వచ్చి కలము నిలిపితిని. పెద్దలేమందురో యని భయపడితిని. వచ్చే నెల చూద్దాంలే అమ్మా అని పంపివేసితిని. ఆమె మరల రాలేదు. నేనును అడుగలేదు. నా మనస్సులో కొంత ఊరట కూడ కలిగినది, అది నేను దాచను.

క్రిస్మసు రాత్రి తామారు పేరు చదివినప్పుడు ఆ బిడ్డ జ్ఞాపకము వచ్చెను. తామారును కాల్చివేయుమన్న యూదా నాకు పరాయివాడుగా కనబడలేదు. మూడవ దినమున నా భార్యయు నేనును ఆమె యింటికి పోతిమి. ఆమె చాప వేసి కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మా బిడ్డ పేరు రాయడానికి గడి లేదన్నారు గదా అయ్యగారూ" అనెను. నేనట్లు అనలేదు గాని ఆమె విన్నది అదే. ఆమెను క్షమాపణ అడిగితిని. సంఘ పెద్దలయొద్ద మాటలాడుట తేలిక కాలేదు. ఒకాయన రెండు నెలలు ఆరాధనకు రాలేదు. మట్టల ఆదివారమున ఆ బిడ్డకు బాప్తిస్మమిచ్చితిని. తల్లి పేరు వ్రాసి, తండ్రి గడిలో అడ్డగీత గీచితిని. ఆ దినమున నాకు గుమ్మము దగ్గర చేయి కలిపినవారిలో తాత మొదటివాడు. ఆయన రెండేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించెను.

జెరుబ్బాబెలు తరువాత అబీహూదు, ఎల్యాకీము, అజోరు, సాదోకు, ఆకీము, ఎలీహూదు, ఎలియాజరు, మత్తాను, యాకోబు అను తొమ్మిది పేర్లున్నవి. వీరు రాజులు కారు, ప్రవక్తలు కారు. వీరినిగూర్చి బైబిలులో మరి యెక్కడను ఒక్క మాట లేదు. ఇంచుమించు 500 ఏండ్లు సింహాసనము లేదు, ఒకరి తరువాత ఒకరు పరాయి ప్రభువులు ఏలిరి. దావీదు వంశస్థులు కాలక్రమమున వడ్రంగి పని చేసికొనువారైరి. వారు పుట్టిరి, కష్టపడిరి, పిల్లలను కనిరి, చచ్చిరి. మెస్సీయ తమ వంశమున మూడు తరములలో వచ్చునని మత్తానునకు తెలిసియుండదు. తాత అడిగిన పేర్లు ఇవియే యని నేననుకొందును.

ఇక ఎజ్రా గ్రంథము. చెరనుండి తిరిగివచ్చినవారిని వ్రాసిరి, 42,360 మంది. గాడిదలను సహితము లెక్కించిరి, 6,720. అందులో హబాయ్యా, హక్కోజు, బర్జిల్లయి అను మూడు యాజక కుటుంబములవారు తమ వంశపు వ్రాతను వెదకిరి గాని దొరకలేదు. వారు యాజకత్వమునుండి తీసివేయబడిరి. బర్జిల్లయి సంగతి చిత్రమైనది. ఆ యింటి మూలపురుషుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెను పెండ్లాడి మామగారి యింటిపేరు పెట్టుకొనెను. ఆ మామగారు దావీదును పోషించిన మహా ధనవంతుడు. ఇల్లరికపు అల్లుడు కాబోలు. ధనికుల పేరు నిలిచినది, బలిపీఠము నొద్ద నిలుచు హక్కు పోయినది. ఇక హక్కోజు వంశస్థుడైన మెరేమోతు నెహెమ్యా దినములలో యెరూషలేము గోడ కట్టువారిలో కనబడుచున్నాడు. ఒక భాగము గాదు, రెండు భాగములు కట్టెను (నెహెమ్యా 3:4, 21). ఇంటి వ్రాత దొరకలేదని ఆ కుటుంబము రాళ్లు మోయుట మానలేదు.

వీరికంటె ముందు వచనములలో తేల్మెలహు మొదలైన చోట్లనుండి వచ్చిన 652 మంది యున్నారు. తాము ఇశ్రాయేలీయులమో కామో వారు రుజువు చేయలేకపోయిరి. తండ్రుల యిల్లు తెలియదు. అయినను వారు బబులోనులో ఉండిపోక అందరితో కూడ నడిచి వచ్చిరి. వారి సంఖ్యను ఎజ్రా గ్రంథము విడిచిపెట్టలేదు. ఆ పట్టికలో తెలియనివారికి సహితము ఒక వరుస యున్నది.

మా సంఘములో ఇప్పుడు జరుగుచున్న పని యొకటి చెప్పెదను. మా పాత బాప్తిస్మపు రిజిష్టరును చెదలు తినివేసినవి. మొదటి పుటలు పొడియైపోయినవి. గనుక రెండు నెలలనుండి ఆదివారపు ఆరాధన తరువాత, వృద్ధులను కూర్చుండబెట్టి వారి తల్లిదండ్రుల పేర్లు, తాత ముత్తాతల పేర్లు అడిగి క్రొత్త పుస్తకములో వ్రాయుచున్నాము. యౌవనస్థులలో వ్రాత బాగుగా నున్నవారు ఇద్దరు ఈ పనికి కుదిరిరి. అప్పులు, తగవులు వ్రాయము, పేర్లు మాత్రమే వ్రాయుదుము. ఇతర గ్రామముల కాపరులును పెద్దలుండగానే ఈ పని మొదలుపెట్టవలెనని కోరుచున్నాను. పోయిన ఆదివారము ఒక ముసలమ్మ తన నాయనమ్మ పేరు తానెన్నడును వినలేదనెను. పిల్లలు, పెద్దలు, ఊరివారు అందరును ఆమెను అవ్వ అనియే పిలిచిరట. పేరు లేదు గనుక విడిచిపెట్టుదమా అని వ్రాయుచున్న అబ్బాయి నావైపు చూచెను. ఆ వరుసలో అవ్వ అని వ్రాయించితిని. ఇంక పదునాలుగు ఇండ్లు మిగిలియున్నవి. పండుగలోపల ముగించి, క్రిస్మసు ముందటి ఆదివారమున మత్తయి మొదటి అధ్యాయమును మొదటి వచనమునుండి చదివినప్పుడు ఈ పుస్తకమును కూడ బల్లమీద ఉంచెదము.